మందు కొట్టని మిరప

ఆదివారం పొద్దున జయదేవ్ పెదకాకాని రోడ్డు పక్క కాలనీకి వచ్చింది ఒక్క మాట చెప్పిపోదామని. అక్కడి ఖాళీ స్థలం వాళ్ల నాన్న గురునాథం గారిది. మిర్చి యార్డులో వ్యాపారం చేసే ఆయన అందులో రేకుల షెడ్డు వేయబోతున్నారు, అక్కడ పెంచుతున్న తోట తీసేయాలి. అంతే.

ఆ తోటలో కాలనీవాళ్లకి మొక్కల పెంపకం నేర్పే సైన్సు టీచర్ శరణ్య, అతని మాట సగం వినకుండానే చేతిలో బకెట్ పెట్టింది.

"చెప్పేదేదో ఆ వంగమొక్కలకి నీళ్లు పోస్తూ చెప్పండి. ఎండెక్కితే కుదరదు."

పోశాడు. అన్ని మడులకీ పోశాడు. విషయం చెప్పేసరికి చొక్కా తడిసింది, మనసు మెత్తబడింది.

ఇంటికెళ్లి తోట తరఫున నస మొదలుపెట్టాడు. ఆ నస భరించలేక గురునాథం గారే వచ్చి, మందు కొట్టకుండా మిరప కాయించి చూపిస్తే ఈ ఏడాదికి షెడ్డు ఆపుతానన్నారు. ఈ నేల మీద అది జరిగే పని కాదని ఆయన నమ్మకం. శరణ్య సరేనంది. ఈ తోట పోతే ఆమెకి మళ్లీ ఇంత జాగా ఎవరూ ఇవ్వరు.

అప్పట్నుంచి జయదేవ్ ప్రతి ఆదివారం హాజరు. ఎండుమిరప వాసన చూసి రకం చెప్పగలడు గానీ, నారుగా ఉంటే మిరపకీ వంగకీ తేడా తెలీదు. అతన్ని ఆటపట్టించడం శరణ్యకి అలవాటైపోయింది.

పెద్దాయన కాపు చూడ్డానికి వచ్చే ముందు వారం, తోటను అద్దంలా చేసి ఆమెను మెప్పిద్దామనుకున్నాడు. గట్టు మీది ఆముదం మొక్కలు చిల్లులు పడి అసహ్యంగా కనబడ్డాయి. అన్నీ పీకేశాడు. మొదళ్లలో ఆకులు పరిస్తే తేమ ఆరదని క్లాసులో ఆమే చెప్పింది కదా, ఆ ఆకంతా తెచ్చి మిరప మొదళ్లలో పరిచాడు.

మర్నాడు సాయంత్రం శరణ్య అది చూసి మడి పక్కనే కూలబడింది.

"లద్దెపురుగు మిరప జోలికి రాకూడదనే గట్టున ఆముదం వేశానండి. దానికి ఆ ఆకంటే ఇష్టం, గుడ్లన్నీ అక్కడే పెడుతుంది. మీరు పిల్లాపాపలతో సహా తెచ్చి మిరప కింద పక్కేసి పడుకోబెట్టారు."

యార్డు దగ్గర మంచి మందు దొరుకుతుందని అనబోయి, ఆమె చూసిన చూపుకి మింగేశాడు. తోట పోతుందన్న బాధ కన్నా, ఆమె ఇక తనతో వెటకారంగా కూడా మాట్లాడదేమోనన్న భయం ఎక్కువైంది. ఇది ప్రేమేనని అప్పుడు అర్థమైంది. తెలిసొచ్చిన వేళే బాగాలేదు.

"చేత్తో ఏరతాను. ఎన్నున్నా సరే," అన్నాడు.

చల్లబడ్డాక పురుగులు బయటికొస్తాయి. రోజూ యార్డు నుంచి నేరుగా వచ్చి వంగి ఏరాడు. మొదట్లో శరణ్య వంగమడుల వైపే ఉండిపోయింది. తర్వాత ఎదుటి సాలు తను పట్టింది. వింత చూడ్డానికొచ్చిన కాలనీ కూడా కొంగులు దోపి దిగింది. పూజారి గారి భార్య రాజరాజేశ్వరి జీవహత్య చేయనంటూ పురుగుల్ని చెంచాతో ఎత్తి పక్కింటి రసూల్‌బీ డబ్బాలో వేసేది, రసూల్‌బీ తన కోళ్లకి వేసేది. తను చంపలేదని, అప్పగించానంతేనని రాజరాజేశ్వరి గారి వాదన. గోడ పక్క చెత్త గొడవతో మాటల్లేని ఆ ఇద్దరూ అలా కలిశారు.

ఓ సాయంత్రం జయదేవ్ జేబులోంచి ఒక పురుగు తల బయటపెట్టింది.

"దాన్ని ఇంటికి తీసుకెళ్తున్నారా?" శరణ్య నవ్వాపుకోలేకపోయింది.

ఇన్నాళ్లకి వచ్చిన నవ్వు. ధైర్యం తెచ్చుకున్నాడు. "శరణ్య గారూ, తోట ఉన్నా పోయినా నేను మాత్రం వస్తాను. మీరెక్కడ నేర్పితే అక్కడికి. మీరంటే నాకిష్టం."

ముందు ఆ సాలు పూర్తి చేయమంది. గొంతులో కోపం మాత్రం లేదు.

ఆదివారం గురునాథం గారు వచ్చారు. ఆకులకి చిల్లులున్నాయి గానీ కాయలు నిగనిగలాడుతున్నాయి. ఒకటి తెంపి, కడగకుండానే కొరికారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తమాయించుకుని, షెడ్డు సంగతి వచ్చే ఏడాది చూద్దాంలే అన్నారు. తర్వాత కొడుకు వేళ్లకున్న పసరు మరకలు చూశారు, శరణ్యను చూశారు.

"మిరప సంగతి తేలింది. మావాడి సంగతేంటమ్మా?"

శరణ్య తల వంచుకోలేదు. "మందు అవసరం లేని రకమేనండి. కాకపోతే ఎవరో ఒకరు రోజూ దగ్గరుండి చూసుకోవాలి."

"ఆ ఎవరో ఒకరు నువ్వయితే మాకు నిశ్చింత."

"నేనే చూసుకుంటానండి," అంది.

మిరపకాయ తిన్నది గురునాథం గారు. పొలమారింది జయదేవ్‌కి.