పక్కింటివాళ్లను అడగండి

"రెండో మెట్టు చాలు కొడుకా. అంతకన్న మీదికెక్కితె మోకాళ్లు నొస్తయి," అంది రాజక్క.

నా చేతిలో ఉన్నది కాగితం మీద గీసిన నిచ్చెన. పది మెట్లు. కింది మెట్టంటే బతుకు బొత్తిగా బాగాలేదని, పై మెట్టంటే ఇంతకన్నా ఏమీ అక్కర్లేదని. ఎన్ని క్వింటాళ్లు పండాయో, ఎన్ని రేడియోలున్నాయో లెక్కపెడితే జనం ఎలా ఉన్నారో తెలియదు, వాళ్లనే అడగాలి అని మా ప్రొఫెసర్ వెంకట్రాజం గారు అనేవారు. 1979లో ఆయన మాటను సైకిల్ క్యారియర్‌కి కట్టుకుని హన్మకొండ నుంచి హసన్‌పర్తికీ చుట్టుపక్కల ఊళ్లకూ రోజూ తొక్కినవాణ్ణి నేను. పేరు సారంగపాణి. ఊరు పరకాల. ఎం.ఏ. ఎకనామిక్స్, ఫస్ట్ క్లాస్. ఈ చివరి ముక్క అడక్కుండానే చెప్పడం అప్పట్లో నాకు అలవాటు.

"నిజంగ ఎక్కుడు కాదు అవ్వా. నీ బతుకు ఎట్లున్నది అని."

"ఏం బతుకు కొడుకా! రెండే రాసుకో."

ఆ మాట అంటూనే పక్కింటి మొగిలమ్మ చెప్పిన ఏదో ముచ్చటకు ముసలావిడ కడుపు పట్టుకుని నవ్వింది. నేను బుద్ధిగా రెండు అని వేసుకున్నాను.

"ఏం సారూ, మా నాయినమ్మను నిచ్చెన ఎక్కిస్తాన్రా?"

వెనక్కి తిరిగాను. ఆ తిరగడం తిరగడం రెండు నెలలు నా మెడ అటే ఉండిపోయింది. చేతికి సుద్దముక్క పొడి, భుజానికి సంచీ, కళ్ల నిండా వెక్కిరింత. రాజక్క మనవరాలు కోమల, ఆ ఊరి బాల్వాడీ టీచర్.

"సర్వే చేస్తున్నానండీ. ప్రజల సంతోషాన్ని కొలుస్తున్నాం," అన్నాను గంభీరంగా.

"గట్లనా! ఇప్పుడు మా నాయినమ్మ నవ్వింది గద, గది ఏ గడిల రాసిన్రు?"

"నవ్వుకు గడి లేదు."

"మరి ఏం కొలుస్తాన్రు సారూ?"

ఫస్ట్ క్లాస్ ఫారంలో తల దూర్చింది.

ఆ ఇంటి ఫారం నింపడానికి నాలుగుసార్లు వెళ్లాను. ఒకసారి ఇంటి పైకప్పు రాయడం మరిచానన్నాను, ఒకసారి బావి. నాలుగోసారి కోమల గడపలోనే ఆపేసింది.

"నిన్ననే మా బావిల నీళ్లున్నయని రాస్కపోయిన్రు. ఇయ్యాల్టికి ఎండుతయా?"

"చెక్ చేసుకోవాలి కదండీ. రూల్."

"బావి ఇంటెనుక ఉన్నది సారూ. మీరు ఇటు చూస్తాన్రు."

అంటూ చూపు దించుకుంది. దించుకునే ముందు చిన్నగా నవ్వింది. ఆ నవ్వు కోసం మర్నాడు కూడా ఏదో ఒకటి మరిచిపోదామని అప్పుడే నిశ్చయించుకున్నాను.

జూన్‌లో రిపోర్ట్ తయారైంది. అది అచ్చయితే జూలైలో నన్ను పర్మనెంట్ రీసెర్చ్ అసిస్టెంట్‌ను చేస్తామని ప్రొఫెసర్ గారు మాటిచ్చారు. ఉద్యోగం వచ్చిన రోజే కోమల నాన్న గట్టయ్య గారి దగ్గరికి వెళ్లి పిల్లను ఇమ్మని అడగాలి. అది లేకపోతే ఏ మొహం పెట్టుకుని అడుగుతాను? నా ఆశలన్నీ ఆ కాగితాల మీదే ఉన్నాయి.

ఆ సంతోషం పంచుకుందామని వానలో తడుస్తూ బాల్వాడీకి పరుగెత్తాను. పిల్లలు వెళ్లిపోయారు. చూరు నుంచి నీళ్లు ధారగా పడుతుంటే కోమల వరండాలో నిలబడి ఉంది.

"రిపోర్ట్ అయిపోయింది! ఎనిమిది ఊళ్లు తిరిగినం. ఒక్క ఊరు గూడ మూడో మెట్టు దాటలే. అన్నిట్ల మీ హసన్‌పర్తే అట్టడుగున ఉన్నది!"

"మా ఊరు అట్టడుగున ఉన్నదని గింత సంబురమా మీకు?"

వాన చినుకులు నా ముక్కు మీంచి కారుతున్నాయి.

"సారూ, ఒక్కటడుగుత. నేను మంచిగున్న అని ఎవలన్న నోటితోని అంటరా? దిష్టి తగులదా? పంట మంచిగొచ్చిననాడు మా నాయిన మొఖం ముడుసుకోని తిరుగుతడు. ఈయేడు చెరువు నిండింది, గందుకే ఊరు ఊరంత ఇంకింత కిందికి దిగింది. మీ పరకాలల అంటరా, మేం మస్తు సుఖంగున్నమని?"

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నేను ఫస్ట్ క్లాస్‌లో పాసైన రోజు వాడకట్టు మొత్తానికి "ఏదో గట్టెక్కిండు" అని చెప్పుకొచ్చింది. ఇంట్లోకొచ్చి ఏడ్చింది, ఆనందంతో. ఆ మట్టిలోనే పుట్టి, ఎనిమిది ఊళ్ల గుమ్మాల్లో నిలబడి, మీరు ఎంత సుఖంగా ఉన్నారని జనాన్ని మొహం మీదే అడిగాను. నా మీద నాకే కోపం వచ్చింది.

"మరి ఎట్ల అడగాలె?"

"పిల్లనిచ్చేటోళ్లు పిల్లగాన్నే అడుగుతరా, నువ్వు మంచోనివా అని? పక్కింటోళ్లను అడుగుతరు," అంది. అన్నాక పెళ్లి మాట నోట వచ్చిందని గ్రహించి వాన వైపు తిరిగింది.

"ఇది చెప్తే రిపోర్ట్ పనికిరాదు. నా ఉద్యోగం పోతది."

"మీ ఇష్టం సారూ. నేనేమంట?"

కానీ ఆ ఊరు దుఃఖంతో ఉందని నా పేరుతో అచ్చయితే, ఇక ఈ కళ్లలోకి చూడలేనని తెలిసిపోయింది.

మర్నాడు ప్రొఫెసర్ గారికి అంతా చెప్పేశాను. ఆయన కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు.

"ఇన్ని రోజులకు చెప్తావా? మా అమ్మ కూడా అంతేనయ్యా, నాకైనా తట్టాల్సింది." రిపోర్ట్ కట్టను నా వైపు నెట్టారు. "పోస్టు ఆగదు, వేరే పేరు పంపించాలి. నువ్వు టెంపరరీగానే ఉండి మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టు. ఈసారి పక్కింటివాళ్లను అడుగు."

మళ్లీ ఎనిమిది ఊళ్లు. హసన్‌పర్తిని చివరికి పెట్టుకున్నాను. ఉద్యోగం లేనివాడు కోమల గడప ఎలా తొక్కుతాడు? ఇరవై రోజులు ఆ దారినే పోలేదు. ఇరవై రోజులూ ఆమెనే తలుచుకున్నాను.

చివరికి ఒక ఉదయం మొగిలమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని, తల ఎత్తకుండా అడిగాను.

"మీ పక్కింటోళ్లు ఎట్లున్నరు అవ్వా? నవ్వుతరా, నిద్ర పడుతదా, ఆపదొస్తె ఎవలన్న అస్తరా?"

మొగిలమ్మ చీర కొంగు సర్దుకుని సిద్ధమైంది. తన గురించి రెండు ముక్కలు చెప్పడానికి ఏడ్చిన మనిషి, పక్కింటి గురించి అడిగేసరికి పురాణం విప్పింది.

"వాళ్లకేంది కొడుకా, రాజాలోలె ఉన్నరు! గట్టయ్యకు కడుపునిండ తిండి, కంటినిండ నిద్ర. ముసలామెకు నవ్వుడే పని. ఆపదొస్తె వాడకట్టంత ఉరికస్తది. ఆ పిల్లకే ఏమైందో! ఇరవై దినాల సంది పప్పుల రెండుసార్లు ఉప్పేస్తాంది. సైకిల్ బెల్లు ఇనబడితె వాకిట్లకు ఉరుకుతాంది. పోస్టాయన్ను చూసి మొఖం ఏలాడేసుకోని లోపలికి పోతాంది. రాసుకో, ఆగినవేంది?"

"మొగిలమ్మత్తా!"

మొల ఎత్తు గోడకు అవతల కోమల. మొహం ఎర్రగా కందిపోయింది.

"నా ముచ్చట్లన్ని గిట్ల రాస్కపోతాన్రా సారూ?"

"నువ్వు చెప్పిన పద్ధతే గద," అన్నాను. 'మీరు' ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు.

"ఇన్ని దినాలు ఎందుకు రాలే?"

"ఉద్యోగం పోయింది. ఏ మొఖంతోని రావాలె?"

"నేను ఉద్యోగాన్ని చూసి వాకిట్లకు ఉరికిన్నా?"

మొగిలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నా గుండె మాత్రం గోడ దూకేసింది.

"పిల్లగాన్ని లోపలికి రమ్మను," గట్టయ్య గారి గొంతు వినిపించింది. ఫారాలు చంకన పెట్టుకుని లోపలికి నడిచాను.

ఆయన నులకమంచం మీద కూర్చుని నన్ను ఎదురుగా కూర్చోమన్నారు.

"మొన్న పరకాల పోయిన. మీ పక్కింటి వీరభద్రాన్ని కలిసిన."

"ఏమన్నా పని మీదనా?"

"రెండుసార్ల ఉప్పు తింటాంది నేనే గదయ్యా! ఎందుకు పోను?" అన్నారాయన. "చెప్పిండు. నువ్వు నాగలి పడితె ఎడ్లు నవ్వుతయట. ఫస్ట్ క్లాసని తొవ్వల పోయేటోన్ని ఆపి చెప్తవట."

తల వంచుకున్నాను. లోపల కోమల గాజులు గలగలమన్నాయి. అది నవ్వేనని తెలుస్తూనే ఉంది.

"కాని వీరభద్రం వాళ్లవ్వ మంచాన పడితె, పరీక్షల సదువు ఇడిసిపెట్టి వరంగల్ దవాఖానకు తీస్కపోయింది నువ్వేనట. నాలుగు దినాలు ఆమె మంచం పక్కనే ఉన్నవట. గా మాట చెప్పుకుంట వీరభద్రం కండ్లనీళ్లు పెట్టుకున్నడు." గట్టయ్య గారు గొంతు సవరించుకున్నారు. "జీతమెంతని ఆయన్నడుగలే. నిన్ను గూడ అడుగ."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పుకోలేదు, ఫస్ట్ క్లాస్ గురించి తప్ప ఏదీ చెప్పుకోదగ్గదనే అనుకోలేదు.

"ఆదివారం మీ నాయిన్ను తోల్కరా, మాట్లాడుకుందాం."

"రేపు బేస్తవారం, మంచిరోజే గద నాయినా!" లోపలి నుంచి కోమల గొంతు. ఆ వెంటనే ఏదో చెంబు కింద పడిన చప్పుడు, పెరటి వైపు పరుగెత్తిన అడుగులు.

గట్టయ్య గారు పెరటి తలుపు వైపు చూశారు, నా వైపు చూశారు.

"మరింక కూసున్నవేంది అల్లుడా? పరకాల బస్సు పోతది, ఉరుకు!"