టీచరమ్మ దత్తత

ఎండాకాలం ఎండ పొద్దున్నే చురుక్కుమంటోంది. సుక్కమ్మ పెనం మీద జొన్నరొట్టె తిప్పుతూనే, అద్దం ముందు నిలబడ్డ మొగుణ్ణి ఓ కంట కనిపెడుతోంది. లింగస్వామి పెళ్లిళ్లకు తప్ప బయటికి తీయని తెల్లచొక్కా తొడిగి, గుండీలు పెట్టుకుని, నచ్చక విప్పి, మళ్లీ పెట్టుకుంటున్నాడు.

"బడికి వోతున్నవా, పిల్లను సూడవోతున్నవా?" అంది.

"హెడ్మాస్టర్ సారు ఫోన్ జేసి మరీ రమ్మన్నడే. పదో తరగతి పిల్లలందరు పాసైండ్రు. మనూరి బడిల గిట్ల ఎన్నడన్న అయిందా? అండ్ల మన కోమల లెక్కలల్ల ఫస్టు."

కోమల లెక్కల్లో ఫస్టు రావడమన్నది ఆ ఇంట్లో ఎవరికీ ఇంకా పూర్తిగా నమ్మకం కుదరని సంగతి. దసరాకు ముందు ఆ పిల్ల తెచ్చుకున్న మార్కులు పదిమందిలో చెప్పుకునేవి కావు. ఆ తర్వాతే లెక్కల మెర్సీ టీచర్ ఆమెను పట్టుకుంది. బడి విడిచాక కూర్చోబెట్టుకుని చెప్పేది. ఆదివారం చర్చి నుంచి ఇంటికి పోతూ కూడా ఫోన్ చేసి, లెక్క చేశావా అని అడిగేది. భర్త పోయాక నల్లగొండలో ఒక్కతే ఉంటూ రోజూ బస్సులో వచ్చిపోయే మనిషి. పిల్లలు లేరు.

సుక్కమ్మకు కోమల ఆలస్యంగా పుట్టింది. ఇక ఆమెకు పిల్లలు పుట్టరని చుట్టాలంతా కలిసి తేల్చేశాక పుట్టిన ఒక్కగానొక్క బిడ్డ. అలాంటి బిడ్డ మీద టీచరమ్మ అంత ప్రాణం పెడుతుంటే సుక్కమ్మకు సంతోషమే. మనసులో ఓ మూల కాస్త కుళ్లు కూడా ఉండేది గానీ, ఆ మాట ఆమె తనకు తాను కూడా చెప్పుకోలేదు.

బడి ముందు షామియానా వేశారు. హెడ్మాస్టర్ గోపీకృష్ణ సారు మైకు పట్టుకుంటే ఒక పట్టాన వదలడని ఊరందరికీ తెలుసు. వచ్చే ఏడాది కూడా ఇలాగే అందరూ పాసు కావాలన్నాడు. జూన్ నుంచే సాయంత్రం చదువులు మొదలుపెడతామన్నాడు. తల్లులు వంతులవారీగా వచ్చి పిల్లల దగ్గర కూర్చోవాలని, వీలైతే గుగ్గిళ్లు ఉడికించి తేవాలని అడిగాడు. ఆడవాళ్లంతా తలలూపారు. తన బిడ్డ బడి దాటిపోయిందన్న సంగతి మరిచి సుక్కమ్మ మనసులో అప్పుడే బొబ్బర్లు నానబెట్టేసింది.

"మెర్సీ టీచర్ దత్తత తీసుకున్న కోమల ఈ రోజు లెక్కల్లో మండలానికే ముందుంది," అన్నాడు సారు. "వచ్చే ఏడాది కోమల నల్లగొండలో టీచర్ ఇంట్లోనే ఉండి ఇంటర్ చదువుతుంది. తండ్రి లింగస్వామి గారు మంచి మనసుతో ఒప్పుకున్నారు."

అందరూ చప్పట్లు కొట్టారు. సుక్కమ్మ పక్కకు చూసింది. లింగస్వామి కూడా కొడుతున్నాడు, నోరంతా తెరిచి నవ్వుతూ.

దత్తత. ఆ మాట ఏమిటో సుక్కమ్మకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఆమె తమ్ముడు జానయ్యను చిన్నప్పుడే తిరుమలగిరిలో పిల్లలు లేని పెద్దమ్మకు దత్తత ఇచ్చారు. కొత్త బట్టలు కట్టి, ఊరందరికీ భోజనాలు పెట్టి మరీ ఇచ్చారు. ఆ తర్వాత జానయ్య పండగలకు వచ్చేవాడు. కన్నతల్లి ఇంటి వాకిట్లో నిలబడి, రమ్మంటే గానీ లోపలికి అడుగుపెట్టేవాడు కాదు. అది చూసినప్పుడల్లా వాళ్లమ్మ పశువుల కొట్టంలోకి పోయి ఏడ్చేది.

సుక్కమ్మ సభ మధ్యలోనే లేచి ఇంటికి వచ్చేసింది. కాసేపటికి లింగస్వామి ఉరుకులు పరుగుల మీద వచ్చాడు.

"ఏమైందే? పిల్లకు శాలువా కప్పుతుంటె నువ్వు లేవు."

"నన్నొక్క మాట అడిగినవా? బిడ్డను ఇచ్చేటప్పుడు."

లింగస్వామి తప్పు చేసినవాడిలా తల గోక్కున్నాడు. "అడిగితే నువ్వు ఒప్పుకోవని ఎరుకే. టీచరమ్మ నిన్న ఫోన్ల అడిగింది. ఇస్తనన్న. ఆమెకు పిల్లలు లేకపాయె, మంచిగ సూసుకుంటది."

"ఇస్తనన్నవా."

"అన్న. దాని మంచికే గదా."

"నా కడుపుల పుట్టిన పిల్లను ఇస్తందుకు నువ్వెవనివయ్యా?"

ఇంటర్‌కు పంపడానికి ఇంత రాద్ధాంతం ఏమిటో లింగస్వామికి అంతు చిక్కలేదు. సముదాయించబోయాడు. "నల్లగొండ ఎంత దూరమే? ఏం ఫికర్ చెయ్యకు. పండుగలకు వస్తనే ఉంటది."

పండగలకు అన్న మాట వినేసరికి సుక్కమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. ఏడుపు ఆపుకోవాలని కూడా ఆమెకు అనిపించలేదు.

అంతలో బయట చెప్పుల చప్పుడైంది. కోమల భుజాల మీద శాలువాతో, మెర్సీ టీచర్ చేతిలో మిఠాయి డబ్బాతో వాకిట్లోకి వచ్చారు. టీచర్ మధ్యాహ్నం బస్సు అందుకోవాలి, పోయే ముందు సుక్కమ్మ నోరు తీపి చేసి పోదామని వచ్చింది. సుక్కమ్మ కళ్లు తుడుచుకుని గడపలో అడ్డంగా నిలబడింది.

"టీచరమ్మా, నా బిడ్డకు సదువు చెప్పినవ్, నీ కాళ్లు మొక్కుత. దానికి ఇంటర్ గింటర్ ఏమొద్దు. నాతోని పత్తి ఏరనీకి వస్తది. నా పిల్లను మాత్రం నీకియ్య. సాదుకునేతందుకు ఇంకెవలనన్న సూస్కో."

"సాదుకునుడేందమ్మా?" అంది కోమల బిత్తరపోయి.

"నాకేం తెల్వదనుకున్నవా? దత్తత తీసుకున్నదని మైకులనే చెప్పిండ్రు. ఊరంత విన్నది."

కోమల పకపకా నవ్వింది. "దత్తతంటె గది గాదే. మార్కులు తక్కువొచ్చినోళ్లను సార్లు, టీచర్లు తలా కొందరిని పంచుకుంటరు. దాన్నే బడిల దత్తత అంటరు. మా క్లాసు విజేందర్‌ను హెడ్మాస్టర్ సారే తీసుకుండు. వాళ్లమ్మ ఏమన్న ఏడ్సిందా?"

"ఓసి పిచ్చిదానా," అని లింగస్వామి కూడా కడుపు పట్టుకుని నవ్వాడు. సుక్కమ్మకు తల కొట్టేసినట్టయింది. కానీ నవ్వని మనిషి ఒకరున్నారు. మెర్సీ టీచర్ అరుగు మీద కూర్చుని మిఠాయి డబ్బా ఒళ్లో పెట్టుకుంది.

"నవ్వకు కోమలా. మీ అమ్మ అన్నది మొత్తం తప్పేం కాదు," అంది నెమ్మదిగా. "కోమల కోసం బీరువాల ఒక అర ఖాళీ చేసిన. మంచం గూడ కొన్న. నిన్న చర్చిల ఒకామె, మీ అమ్మాయికి ఎన్ని మార్కులొచ్చినయని అడిగింది సుక్కమ్మక్కా. మా అమ్మాయి కాదని చెప్పబుద్ధి కాలేదు. మార్కులు చెప్పి ఇంటికి వచ్చిన. అన్నకు ఫోన్ చేసి నీకెందుకు చెయ్యలేదంటే, నువ్వు వద్దంటవని భయం. వద్దంటే వద్దు. హాస్టల్ సీటు నేనే మాట్లాడి ఇప్పిస్త."

లింగస్వామి నవ్వు ఆగిపోయింది. సుక్కమ్మకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. కోమల పుట్టక ముందు ఒకసారి, ఆడబిడ్డ కొడుకును చంకనెత్తుకుని జాతరకు పోతే, గాజులమ్మే ఆమె నీ కొడుకా అని అడిగింది. సుక్కమ్మ అవునని తలూపింది. ఇంటికి వచ్చేదాకా ఆ పిల్లవాణ్ణి కిందికి దింపలేదు. ఆ సంగతి ఇన్నేళ్లలో లింగస్వామికి కూడా చెప్పలేదు. ఎదురుగా తల దించుకుని కూర్చున్న మనిషిని చూసి ఆమె గడపకు అడ్డం తప్పుకుంది. కోపం ఎటుపోయిందో తెలియలేదు.

లోపలికి పోయి రెండు రొట్టెలు, ఇంత పచ్చిపులుసు పళ్లెంలో పెట్టుకుని వచ్చింది.

"తిని పో. ఇంకో బస్సు వస్తది," అంది.

"అక్కా, కోమల సంగతి..."

"హాస్టల్ల ఎందుకు? జూన్ల నేనే తోలుకొస్త. ఆ మంచం ఏడ ఏసినవో సూడాలె గదా. ఇదసలే నిద్రల దొర్లుతది, గోడ పక్కకు జరుపు."

మెర్సీ టీచర్ తుంచిన రొట్టె ముక్కను మళ్లీ పళ్లెంలో పెట్టేసింది. సుక్కమ్మ కూతురివైపు తిరిగింది.

"ఏమే, బడిల ఆమె నీకు టీచర్. ఇంటికాడ గూడ టీచర్ టీచర్ అనుకుంట దూరం దూరం తిరగకు. చిన్నమ్మ అను. నా చెల్లె ఇంటికాడ ఉండి సదువుకో."

కోమల కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత లోపలికి పోయి గ్లాసుతో నీళ్లు తెచ్చి, కొంచెం సిగ్గుపడుతూ, "చిన్నమ్మా, నీళ్లు తాగు," అంది.

మెర్సీ టీచర్ గ్లాసు అందుకుంది గానీ, కొంగు కళ్లకు అడ్డం పెట్టుకోవడంతో సగం నీళ్లు అరుగు మీదే ఒలికిపోయాయి.