అవతలి ఒడ్డుకు పార్సిల్

ఉత్తరపు చలి సముద్రం ఒడ్డున మా ఊళ్ళో ఎండాకాలమంటే పొగమంచే. పొద్దున్నే వంటకి వాడే కొంబు నాచు ఆరేద్దామని గులకరాళ్ళ మీద పరుస్తాం. మధ్యాహ్నం దాటేసరికి సముద్రం మీంచి తెల్లగా లేచి వచ్చేస్తుంది. ముందు పడవలు కనపడవు, తర్వాత రేవు, తర్వాత పక్కింటి కప్పు. జూలైలో కూడా కిరసనాయిలు పొయ్యి వెలిగించుకుని కూర్చుంటాం. గదినిండా నాచు వాసన, కిరసనాయిలు వాసన. ఎక్కడో ఆ తెలుపులోంచి, పడవలకి దారి చెప్పే రేవు బూర, తప్పిపోయిన పశువులా అరుస్తూ ఉంటుంది.

పూర్వం వలలు మునిగిపోకుండా గాజు బంతులు కట్టేవాళ్ళు. ఇప్పుడన్నీ ప్లాస్టిక్కు. పాతవి ఏళ్ళ తరబడి సముద్రంలో తిరిగి తిరిగి, గాలివాన తర్వాత ఏదో ఒక ఒడ్డుకి చేరతాయి. అవి పోగుచెయ్యడం నా సరదా. సరదా అని ఊళ్ళో అందరూ అంటారు గనక నేనూ అంటాను. నా భర్త యసూజీ ఎక్కిన పడవ తిరిగి రాని ఏడు మొదలైంది ఈ అలవాటు. పడవ చెక్క ఒకటి దొరికింది. మనుషులు దొరకలేదు. తెల్లారగానే ఒడ్డు వెంట నడిచేదాన్ని. దేనికోసం నడుస్తున్నానో అందరికీ తెలుసు. ఎవరూ నోరెత్తి అనలేదు. ఆయన రాలేదు. గాజు బంతులు వచ్చాయి.

పచ్చవి, నీలివి, తేనెరంగువి. అలమరలు నిండాయి, కిటికీ గట్లు నిండాయి. చివరికి కాలు పెట్టే చోటు లేక మా వదిన కినుయే విసుక్కుని, వాటి ఫొటోలు తీసి ఫోన్లో అమ్మకానికి పెట్టింది. వదిన యసూజీకి సొంత అక్క. తమ్ముడు పోయాక నన్ను ఒక్కదాన్నీ వదల్లేక పక్కవీధిలోకి మారిపోయిన మనిషి. నాకు చేతకానివన్నీ తిట్టుకుంటూ చేసిపెడుతుంది.

ఆర్డర్లు వచ్చేవి. దేశం లోపలికే పంపేదాన్ని. బయటి దేశాలవాళ్ళు అడిగితే ‘క్షమించండి’ అని ఒక్క ముక్క రాసి ఊరుకునేదాన్ని.

ఒకరోజు గ్వెన్ అనే ఆవిడ రాసింది. కెనడాలో, పడమటి ఒడ్డున ఒక దీవిలో ఒక్కతే ఉంటుందట. నా బంతుల్లో ఒకటి కావాలంది. అందంగా ఉన్నవేవీ కాదు. అడుగున, గుప్పెడు నీళ్ళున్నది.

నీళ్ళున్న బంతి చాలా అరుదు. చిల్లు ఉండదు, పగులు ఉండదు, కానీ లోపల సముద్రపు నీళ్ళుంటాయి. లోతుకి, బాగా లోతుకి లాక్కుపోబడి మళ్ళీ పైకొచ్చిన బంతుల్లోకి అలా చేరతాయంటారు. గ్వెన్ వాళ్ళ నాన్న జీవితమంతా అటువంటిదాని కోసం ఒడ్డున వెతికి, దొరక్కుండానే పోయాడట. ‘మా గుమ్మం ఎదురుగా ఉన్నది మీ సముద్రమే’ అని రాసింది. ఫోను చేసిన అనువాదమే అయినా ఆ మాట నాకు గుచ్చుకుంది.

నెలకోసారి నూడుల్స్ కొట్టు వెనక గదిలో పాత వస్తువులు సేకరించేవాళ్ళందరం కలుస్తాం. ఆ సంగతి అక్కడ పెట్టాను. పాత చేపల గాలాలు పోగుచేసే కదోవాకి గారు వెంటనే తల అడ్డంగా ఊపారు. పై దేశానికి పంపితే దారిలో విరగ్గొడతారు, సుంకాలవాళ్ళు విప్పి కెలుకుతారు, పోతే మన నెత్తినే పడుతుంది అన్నారు. ఆయన ఒకసారి పంపితే ఆర్నెల్లకి పెట్టె చితికిపోయి వెనక్కొచ్చిందట. కొన్నవాడు తన భాషలో ఇంత పొడుగు రాశాడు గానీ, తిట్టాడో పొగిడాడో ఇప్పటికీ తెలీదట.

“తెలీనప్పుడు పొగిడాడనే అనుకోవాలి,” అంది వదిన గిన్నెలోంచి తలెత్తకుండా. “నిద్రన్నా పట్టేది మీకు.”

అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. లేచి వెళ్ళేటప్పుడు నా పక్కన ఆగి, నాకొక్కదానికే వినపడేలా అన్నారు.

“మామూలువైతే నీ ఇష్టం అమ్మాయ్. ఆ నీళ్ళున్నది మాత్రం వద్దు. అది నీ దగ్గరికే వచ్చింది.”

అది వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. యసూజీ పోయిన మరుసటి వసంతంలో, ఒడ్డున మంచుపెళ్ళలు ఇంకా కరక్కముందు. అది అలల్లోంచి దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా నా బూటుకి తగిలి ఆగింది. పడగ్గదిలో, దిండుకి ఎదురుగా ఉన్న కిటికీ గట్టు మీద పెట్టుకున్నాను. అమ్మకానికి పెట్టే ఉద్దేశం నాకు లేదు. వదిన చూసుకోకుండా ఫొటో తీసేసింది.

గ్వెన్‌కి ‘కుదరద’నే రాద్దామనుకున్నాను. ఆ వారంలోనే అది జరిగింది.

ఆ మధ్యాహ్నం మంచు మామూలుకన్నా దట్టంగా దిగింది. నాచు సగమన్నా ఆరకుండానే ఎత్తేసి ఇంటికొచ్చాను. నాలుగింటికే ఇల్లు మసకబారిపోయింది. పొయ్యి వెలిగించాను. టీ పెట్టుకున్నాను. కిటికీ అవతల ఏమీ లేదు, ఒట్టి తెలుపు. బూర మోగింది... ఆగింది. ఆగినప్పుడు వినపడింది.

టిక్.

గాజు మీద గోరు తగిలినట్టు.

బూర మోగింది. ఆగింది. టిక్... టిక్.

పడగ్గదిలోంచి. ఎలుకేమో అనుకున్నాను. తలుపు జరిపి చూశాను. గట్టు మీద బంతి ఎప్పుడూ ఉన్నచోటే ఉంది. కదల్లేదు. లోపలి నీళ్ళు మాత్రం కదులుతున్నాయి. నెమ్మదిగా ఒక పక్కకి పోయి, మళ్ళీ రెండో పక్కకి. లంగరేసిన పడవలో చెంబులో నీళ్ళలా.

భూకంపం వచ్చిందేమోనని పైన దీపం వైపు చూశాను. దీపం నిలకడగా ఉంది.

దగ్గరికెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది. గది నిండా తడి తాడు వాసన, డీజిలు వాసన. యసూజీ చొక్కాలు ఉతికేటప్పుడు వచ్చే వాసన. వంగి చూశాను. గాజు మసకగా ఉంది. చేత్తో తుడిచాను. పోలేదు. మసక లోపలుంది.

చూస్తుండగానే అది తేటపడింది.

మళ్ళీ మసకేసింది.

తేటపడింది... మసకేసింది... చలికాలం కిటికీకి మొహం ఆనించి ఎవరో ఊపిరి వదులుతున్నట్టు. లోపలి నుంచి.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. తువ్వాలు లాగి దాని మీద కప్పి, వంటింట్లోకి వచ్చి పొయ్యి పక్కన కూర్చుండిపోయాను. మంచు విడిచేదాకా వినపడుతూనే ఉంది. టిక్. టిక్. తర్వాత ఇంకోటి కూడా. మనిషి మాటలాంటిది. నీళ్ళ అడుగునుంచి మాట్లాడితే ఎలా ఉంటుందో అలా. ఏదో ఒకే మాట, మళ్ళీ మళ్ళీ. అర్థం కాలేదు. చెవులు మూసుకున్నాను.

మర్నాడు గ్వెన్‌కి పంపుతానని రాశాను. దేశం లోపల ఎవరికిచ్చినా అది ఇదే ఒడ్డు మీద ఉంటుంది. దూరంగా పోవాలి. అదొక్కటే నా బుర్రలో ఉంది. తువ్వాలు తియ్యకుండానే, చూడకుండానే, పాత దుప్పట్లు చుట్టి పెట్టెలో పెట్టాను. పోస్టాఫీసులో లోపల నీళ్ళున్నాయని చెబితే విమానంలో కుదరదన్నారు. ఓడలో అయితే పోతుందన్నారు. సరే అన్నాను.

ఓడలో, సముద్రం మీదుగా.

ఆ తర్వాత ఇల్లు నిశ్శబ్దమైపోయింది. హాయిగా ఉంటుందనుకున్నాను. ఉండలేదు. మంచు దిగిన ప్రతిసారీ పొయ్యి ఆర్పి, ఊపిరి బిగబట్టి వినేదాన్ని. గట్టు మీద బంతి ఆనవాలు గుండ్రంగా, దుమ్ము లేకుండా ఉండిపోయింది. దాన్ని తుడవబుద్ధి కాలేదు. భయపడిన మనిషినే, ఆ చప్పుడు కోసం ఎందుకు ఏడుస్తున్నానో నాకే తెలీలేదు.

దారిలో ఎక్కడ ఆగిందో, పార్సిలు అందేసరికి ఏడాది తిరిగి మళ్ళీ నాచు కోసే కాలమొచ్చింది. గ్వెన్ రాసింది. బంతి చెక్కుచెదరకుండా వచ్చిందట. దుప్పట్లు పొడిగా ఉన్నాయట. కానీ లోపల నీళ్ళు లేవట. చుక్క కూడా. కోపంగా రాయలేదు. ‘మీరు పంపినప్పుడు ఉన్నాయా?’ అని మాత్రం అడిగింది. ఉన్నాయని రాశాను.

కొన్నాళ్ళకి ఇంకో సందేశం వచ్చింది.

‘పొద్దుగూకేవేళ నా గుమ్మంలో ఎవరో ఒక మాట అంటున్నారు. తలుపు తీస్తే ఎవరూ ఉండరు. మెట్టు మాత్రం తడిగా ఉంటుంది. నాకు మొదట భయం వెయ్యలేదు. మగగొంతు, చాలా మర్యాదగా అంటాడు. మీ భాషేమో అనిపించింది. దీనర్థం చెప్పగలరా?’

కింద ఆ మాటని విన్నది విన్నట్టు ముక్కలు ముక్కలుగా విరిచి రాసింది. నేను పెదాలతో కూడబలుక్కున్నాను. మూడోసారికి నోట్లోంచి మాట పూర్తిగా వచ్చింది. పడవ దిగి ఇంటికొచ్చిన ప్రతి మగాడూ మా గుమ్మాల్లో అనే మాట.

“వచ్చేశా.”

నీళ్ళ అడుగునుంచి వినపడింది కూడా అదే. ఆ రోజంతా అంటూనే ఉన్నాడు. నేను చెవులు మూసుకున్నాను. ఇప్పుడు ఎవరి గుమ్మంలోనో, భాష తెలీని ఊళ్ళో నిలబడి అంటున్నాడు.

వదినకి చూపించాను. చదివింది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కదోవాకి గారికి చెప్పి ఆ బంతి వెనక్కి తెప్పిద్దామా అన్నాను. ఒట్టి గాజు తెచ్చుకుని ఏం చేస్తాం, వాడు దాంట్లో లేడుగా అంది. తర్వాత, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని—

“జవాబు చెప్పమను రిత్సూ. గుమ్మంలో ఎన్నాళ్ళు నిలబెడతాం వాణ్ణి?”

ఇంట్లో ఉన్న మనిషి ఏమనాలో గ్వెన్‌కి రాశాను. ‘వచ్చావా.’ ఆ ఒక్క మాట. ఎలా పలకాలో విడదీసి రాశాను. ఒక్కసారి అంటే చాలని, ఆయన నా భర్త అని, దయచేసి అనమని రాశాను. రాస్తుంటే అక్షరాలు కనపళ్ళేదు.

రెండ్రోజులకి ఆవిడ గుమ్మం దగ్గరి మాటలు రికార్డు చేసి పంపింది. వంటింట్లో బల్ల మీద ఫోను పెట్టి, వదినా నేనూ చెరోపక్క కూర్చున్నాం.

ముందు గాలి. తర్వాత అలల చప్పుడు. అలలు అక్కడా ఇలాగే ఉన్నాయి. మెట్టు కిర్రుమంది. అప్పుడు...

“వచ్చేశా.”

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ గొంతే. చివర కాస్త దింపి, అలిసిపోయినట్టు అనడం. అదే.

ఒక ముసలావిడ గొంతు, గ్వెన్‌దే కాబోలు, వణుకుతూ, తప్పుగా పలుకుతూ, “వచ్చావా” అంది.

తలుపు తెరుచుకున్న చప్పుడు. అడుగులు. తడి అడుగులు. నెమ్మదిగా లోపలికి. కుర్చీ లాగినట్టు... తర్వాత ఏమీ లేదు. నేను ఏడుస్తున్నాను. వచ్చేశాడు, ఎక్కడైతేనేం, ఒక ఇంట్లోకి వచ్చాడు అనుకున్నాను. ఫోను ఆపబోయాను. వదిన నా చెయ్యి పట్టుకుంది. అయిపోలేదు.

“రిత్సూ... ఇల్లింత చీకటిగా ఉందేం?”

వెంటనే ఆ ముసలావిడ గొంతు. ఈసారి వణుకు లేదు. తడబాటు లేదు. మా ఊరి యాసలో, ఇక్కడే పుట్టిపెరిగిన మనిషిలా.

“దీపం పెడతాగా. ముందు కాళ్ళు కడుక్కో.”

అక్కడితో ఆగిపోయింది.

దాని కింద గ్వెన్ రాసింది: ‘మీరు నేర్పిన మాటొక్కటే అన్నాను. ఆ తర్వాత ఏమీ అనలేదు. మాట్లాడిన ఆవిడ ఎవరు?’

తలుపులన్నీ వేసుకుని ఎవరింటికన్నా వెళ్ళిపొమ్మని రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. వదిన కూడా రాసింది. ఆగస్టు పోయింది, నాచు కోతలు అయిపోయాయి, ఏమీ రాలేదు.

మొన్న, మొదటి మంచు రాలిన పొద్దున, ఫోను మోగింది. గ్వెన్ పేరే. ఈసారి అనువాదం అక్కర్లేకపోయింది. మా భాషలోనే ఉంది.

‘చలి మొదలైంది. నీలం స్వెటర్‌కి రెండో చెయ్యి కూడా అల్లేసి పంపు.’

యసూజీ ఆ ఆఖరి వేటకి వెళ్ళినప్పుడు, వచ్చేసరికి తొడిగి ఆశ్చర్యపరుద్దామని మొదలుపెట్టాను. ఒక చెయ్యి అయింది. రెండోది మొదలుపెట్టిన రోజు పడవ కబురొచ్చింది. సూదులు తియ్యకుండానే సంచీలో చుట్టి పరుపుల అలమర అడుగున తోసేశాను. అదొకటి ఉందని ఆయనకి తెలీదు. వదినకి తెలీదు. భూమ్మీద ఎవరికీ తెలీదు.

సంచీ బయటికి తీశాను. ఊలు ఇంకా మెత్తగానే ఉంది. ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పంపకూడదనుకున్నాను. అక్కడ ఆయనకి చలేస్తుందేమో అనుకున్నాను. చివరికి ఫోను తీసి ఒక్క ముక్క రాశాను. ‘కొలతలు అవేనా?’

వేలు తియ్యకముందే జవాబొచ్చింది.

‘ఛాతీ అదే. మెడ అదే. చేతులే పొడుగయ్యాయి. నేల దాకా అల్లు.’