నీలం అట్ట పుస్తకం

పొద్దున్నే ఆ ఇంట్లో రెండు తలలు ఒకచోట చేరాయంటే మూడో తలకి మంట మొదలయ్యేది. ఆ మూడో తల లాయరమ్మది. ఆవిడ కోర్టు మెట్లు ఎక్కిందీ లేదు, దిగిందీ లేదు. మొగుణ్ణి ఎవరేమడిగినా జవాబు ఆవిడే చెబుతుంది కాబట్టి వీధివాళ్లు పెట్టిన పేరు అది. "మేస్త్రిగారూ, పుస్తకాలు ఎప్పటికవుతాయి?" అంటే "బుధవారానికి" అని లోపలి గదిలోంచి వినబడేది. బైండింగు మేస్త్రి జిగురు కలుపుకుంటూ "ఊఁ" అనేవాడు. ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురం ఆ "ఊఁ" మీదే నడిచింది.

మేస్త్రి గుండెలో కవాటం ఒకటి బిగుసుకుపోతే, పన్నెండు రోజుల కిందట తొడలోని రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి కొత్తది అమర్చారు. నాలుగో రోజుకే ఇంటికొచ్చేశాడు. అయితే గుండెకి కరెంటు మోసే దారి ఆ కొత్త కవాటం పక్కనే ఉంటుందట. దాన్ని అది నొక్కుతున్నట్టుందని డాక్టరు చెప్పాడు. తనంతట తానే సర్దుకోవచ్చు, ఉన్నట్టుండి కొట్టుకోవడం ఆగిపోనూవచ్చు. కళ్లు తిరిగినా, చీకట్లు కమ్మినా వెంటనే చెప్పమన్నాడు. పేస్‌మేకర్ పెట్టాలా వద్దా అన్నది శనివారం చూస్తానన్నాడు.

అప్పట్నుంచీ కోడలు మామగారిని అంటిపెట్టుకుని ఉంది. కళ్లద్దాల షాపులో వచ్చినవాళ్ల చేత అక్షరాలు చదివించే ఉద్యోగం ఆమెది. డ్యూటీకి వెళ్లేముందు ఆయన పక్కన కుర్చీ వేసుకుని నీలం అట్ట చిన్న పుస్తకంలో ఏదో రాసేది. అత్తగారు గుమ్మంలోకి రాగానే మూసేది.

ఆ పుస్తకం మేస్త్రి కుట్టిందే. మిగులు కాగితాలు సమంగా కోసి, నీలం గుడ్డ అంటించి, ముద్దుగా చేసిచ్చాడు. వేల పుస్తకాలు కుట్టిన ఆ చేతులు కట్టుకున్నదానికి ఒక్కటి కుట్టలేదు. ఆవిడకి పుస్తకంతో పనేమీ లేదనుకోండి, అయినా కడుపు రగిలిపోయింది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకి నీలం అట్ట, తనకేమో ఉత్త "ఊఁ".

ఆ శనివారం టీ గ్లాసులతో వచ్చేసరికి మళ్లీ అదే గుసగుస. పుస్తకం టప్పున మూతపడింది.

"నేనొస్తే మాటలు పడిపోతాయేం?"

"ఏం లేదత్తయ్యా" అని కోడలు స్నానానికి వెళ్లింది. అంతలో ఫోను మోగింది. ఆస్పత్రి నర్సు.

"పెద్దాయనకి ఎలా ఉందమ్మా? తల తిరగడం, కళ్లు చీకట్లు కమ్మడం, అలాంటివి ఏమైనా?"

"అబ్బే, శుభ్రంగా ఉన్నారు. నాకు తెలియకుండా ఆయనకి తుమ్ము కూడా రాదు."

"అయితే ఇవాళ రద్దీగా ఉంది, బుధవారం రండి."

తల తుడుచుకుంటూ వచ్చిన కోడలు ఆ మాట విని తెల్లబోయింది.

"బుధవారమా? ఏం చెప్పారత్తయ్యా వాళ్లకి?"

"నా మొగుడి సంగతి నేను చెప్పా. నీ దగ్గర అనుమతి తీసుకోవాలా? అసలు ఏం రాస్తున్నావు అందులో, నా మీద చాడీలా?"

"చదవండి" అంటూ కోడలు పుస్తకం చేతికిచ్చింది. "ముందే చెప్పాల్సింది. శనివారం డాక్టరుకే చెబుదాం, మీ అత్తయ్యకి వద్దన్నారు మామయ్య. ఆ మాట వినడం నా తప్పే."

లాయరమ్మ తెరిచింది. 'మంగళవారం, ఏడున్నర. మెట్లెక్కుతుంటే కళ్లు చీకట్లు. గోడ పట్టుకున్నారు.' 'గురువారం, పదకొండు. కాగితాలు కోసే మిషను దగ్గర తూలారు.' 'శుక్రవారం, భోజనం దగ్గర. అత్తయ్య మాట్లాడుతున్నారు. మామయ్యకి ఒక క్షణం ఏమీ తెలియలేదు. గ్లాసు జారింది.'

ఆ గ్లాసు ఆవిడకి గుర్తుంది. పరధ్యానం ఎక్కువైందని పెట్టిన చీవాట్లూ గుర్తున్నాయి. ఎదురుగా కూర్చుని కూడా చూడలేదు. పుస్తకంతో మంచం మీద కూర్చుంది.

"దానికి చెప్పారు, నాకు చెప్పలేదేమండీ?"

మేస్త్రి వేళ్లకంటిన జిగురు గీక్కున్నాడు.

"అది 'ఎలా ఉంది మామయ్యా' అని అడిగి కూర్చుంటుంది. నువ్వు 'బాగానే ఉంది కదూ' అంటావు. నేను ఊఁ అంటాను."

వీధిలో ఎవరూ నమ్మరు గానీ, లాయరమ్మ తన మాట తనే వెనక్కి తీసుకుంది. ఆస్పత్రికి తనే ఫోను చేసింది. "ఇందాక నేను చెప్పింది తప్పమ్మా. ఈ వారంలో మూడుసార్లు కళ్లు తిరిగాయి" అంది. ఉన్నపళంగా బయల్దేరి రమ్మన్నారు.

ఈసీజీ కాగితం చూస్తూ డాక్టరు అడిగాడు, "ఏమవుతోంది పెద్దాయనా?"

మేస్త్రి అలవాటుగా భార్య వైపు చూశాడు. చెప్పడానికి ఆవిడ దగ్గర బోలెడుంది. పెదవులు బిగబట్టుకుంది. కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది, ఆవిడ విడిపించుకోలేదు.

"చీకటైపోతుంది సార్" అన్నాడాయన మెల్లగా. "మళ్లీ వెలుగొచ్చేదాకా... భయమేస్తుంది."

ముప్ఫై ఎనిమిదేళ్లలో ఆయన నోట భయమన్న మాట ఆవిడ వినలేదు. కళ్లనీళ్లు బొటబొటా రాలాయి.

ఇంటికి పంపలేదు. గుండె కొట్టుకోవడం తప్పుతోందని అప్పటికప్పుడే చేర్చుకుని, ఛాతీకి తీగలు తగిలించి, మర్నాడు పొద్దున్నే పేస్‌మేకర్ అన్నారు. మందులు తేవడానికి వెళుతూ కోడలు ఆ పుస్తకాన్నీ పెన్నునీ అత్తగారి ఒళ్లో పెట్టింది. లాయరమ్మ నీలం అట్టని నిమిరింది. అసూయ పూర్తిగా పోయిందని చెప్పను, ఎంతైనా అట్ట ముద్దుగా ఉంది.

"ఎలా ఉందండీ?" అంది. 'బాగానే ఉంది కదూ' నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. కూర్చుంది.

మేస్త్రి పైకప్పు వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు.

"నువ్వు మాట్లాడకపోతే తోచడం లేదే" అన్నాడు.

ఆవిడ కళ్లు తుడుచుకుని పుస్తకం తెరిచింది. కోడలి అక్షరాల కింద, తన వంకర అక్షరాలతో, అడిగినదానికి ఆయన చెప్పిన జవాబుని చెప్పినట్టే రాసుకుంది.