కింది పని ముందు

ఆ భవనానికి నాలుగు అంతస్తులు, ఒక లిఫ్టు. కింద దుకాణాలు పోగా మిగిలిన వాటాలన్నీ యజమాని ముసలివాళ్లకే అద్దెకిచ్చేవాడు. ముసలివాళ్లు గోడలకు మేకులు కొట్టరని, గట్టిగా అరవలేరని ఎవరడిగినా నవ్వుతూ చెప్పేవాడు. చేతికర్ర పట్టినవాళ్లు, చక్రాల కుర్చీలో తిరిగేవాళ్లు అయితే మరీ మంచిది. ఇంకో ఇల్లు వెతుక్కునే ఓపిక వాళ్లకు ఉండదు.

నాలుగో అంతస్తులో ఒక దర్జీ ఉండేవాడు. నడుము కింద స్పర్శ పోయి ఇరవై ఏళ్లు. లిఫ్టులో కుర్చీ తిప్పుకునేంత చోటు లేనందువల్ల, దిగేటప్పుడు ముఖం గుమ్మం వైపు ఉండేలా, ఎప్పుడూ వెనక్కి దొర్లించుకుంటూ ఎక్కేవాడు. ఆ కుర్చీ ఎడమ చక్రం కీచుమనేది.

ఆ అంతస్తులో లిఫ్టు తలుపు తాళం పాడై ఏడాది దాటింది. లిఫ్టు రాకపోయినా లాగితే తలుపు తెరుచుకునేది. దర్జీ ఏడు ఉత్తరాలు రాశాడు. ప్రతి ఉత్తరం మూలనా యజమాని నీలి సిరాతో "చూస్తాం" అని రాసి తిప్పి పంపాడు. తలుపు సరిగా పడనప్పుడల్లా లిఫ్టు మధ్యలో ఆగిపోతోందని మిగతావాళ్లు గోల పెట్టినప్పుడు మాత్రం మెకానిక్కును పిలిపించాడు. తాళం మార్పించడానికి కాదు. మేడ మీది మిషను గదిలో ఒక తీగముక్క కలిపించడానికి. ఆ తీగ ఉన్నంతకాలం ఏ తలుపు తెరిచి ఉన్నా లిఫ్టు తన దారిన తాను పోతుంది.

పోయిన మంగళవారం మధ్యాహ్నం మూడింటికి దర్జీ తలుపు లాగాడు. అది తెరుచుకుంది. వెనక్కి దొర్లాడు.

లిఫ్టు కింది అంతస్తులో ఉంది.

"చూసుకుని ఎక్కొద్దూ?" అన్నాడు యజమాని, నలుగురూ వినేలా. మర్నాడే వేరే మనిషి చేత కొత్త తాళం వేయించాడు. తీగ మాత్రం అలాగే ఉండిపోయింది.

ఈ రోజు నాలుగు గంటలకు లిఫ్టు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. తీగ అతని కంటబడితే యజమానికి జైలు తప్పదు. మెకానిక్కుకు ఫోను చేస్తే, "నేను రాను సార్. పెట్టించింది మీరు, తీయాల్సిందీ మీరే. ఎర్ర తీగ. మెయిన్ ఆపి రెండు కొసలూ ఊడబెరకండి" అని పెట్టేశాడు. తీసేయాల్సింది తీగ ఒక్కటే కాదు, దర్జీ గదిలో ఉండిపోయిన ఆ ఏడు ఉత్తరాలు కూడా. యజమాని భోజనం ముగించి, చేయి తుడుచుకుని, రెండున్నరకు మెట్లెక్కాడు.

మూడో అంతస్తు గుమ్మంలో ఆపరేటరమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. ఒకప్పుడు టెలిఫోను ఆఫీసులో పనిచేసింది. చూపు పోయి పదేళ్లయినా అడుగుల చప్పుడును బట్టి మనిషిని పోల్చుకుంటుంది.

"మెట్లెక్కుతున్నారే ఓనరు గారూ! లిఫ్టు మీద మీకూ నమ్మకం పోయిందా?"

"వ్యాయామం అమ్మా."

"మంచిదే. కాళ్లున్నప్పుడే వాడుకోవాలి. అన్నట్టు, లోపలి అలారం బెల్లు మోగట్లేదని మూడుసార్లు చెప్పించాను మీకు."

"చూస్తాం లెండి."

"మీరు చూస్తూనే ఉంటారు. గుడ్డిదాన్ని నాకు తెలిసినంత కూడా మీకు కనబడదు." ఆమె నవ్వింది. తరువాత గొంతు తగ్గించింది. "ఒక్కమాట. మూడింటికి లిఫ్టు ఎక్కకండి. రోజూ ఆ వేళకు పైన ఎడమ చక్రం కీచుమంటోంది. వెనక్కి పోతోంది. పడిన చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటున్నాను... రావడం లేదు."

"మీకు వినికిడి కూడా పోతున్నట్టుంది" అన్నాడు యజమాని, పైకి నడుస్తూ.

దర్జీ గది తలుపు తీయగానే వేడి ఇస్త్రీ వాసన ముఖాన కొట్టింది. వారం రోజులుగా మూసి ఉన్న గది అది. కుట్టుమిషను మీద సగం కుట్టిన చొక్కా ఉంది. కిటికీ లేని గోడకు నిలువుటద్దం, దాని పక్కన మేకుకు కొలత టేపు, కింద అరచేయంత సుద్దబిళ్ల. యజమానికి ఒక పాత సంగతి గుర్తొచ్చింది. ఒకసారి ఆయన పాంటూ చొక్కా కలిపి కుట్టించుకున్నాడు. ఒకేరోజు ఇవ్వమంటే దర్జీ ఒప్పుకోలేదు. "కింది పని ముందు సార్. కాళ్లు కోసి, కుట్టి, సరిపోయిందని చూసుకున్నాకే మెడ దగ్గరికొస్తా. గీసినవన్నీ ఒక్కరోజే కోయను" అన్నాడు.

ఉత్తరాలు మిషను సొరుగులో దొరికాయి. ఆయన వంగి వాటిని జేబులో కుక్కుకుంటూ ఉండగా కుడి తొడ చుట్టూ చల్లగా, సన్నగా ఏదో చుట్టుకుని బిగిసి వదిలింది. ఆ తరువాత ఎడమ తొడ. ఆ తరువాత మెడ. పురుగేమోనని మెడ మీద ఫట్టున కొట్టుకున్నాడు. చేతికి ఏమీ అంటలేదు. కిందికి చూసుకుంటే మోకాళ్లకు జానెడు పైన రెండు కాళ్లకూ అడ్డంగా తెల్లటి గీతలున్నాయి. గోడ సున్నం అంటిందనుకుని దులుపుకున్నాడు.

పోలేదు.

మేకు వైపు చూశాడు. టేపు ఊగుతోంది. ఆయన అద్దం వైపు చూడకుండా బయటపడ్డాడు.

మిషను గదిలో పని చెప్పినంత తేలికగానే అయింది. మెయిన్ ఆపి, ఎర్ర తీగ ఊడబెరికి జేబులో వేసుకుని, మళ్లీ మెయిన్ వేశాడు. నాలుగో అంతస్తుకు దిగి లిఫ్టు తలుపును రెండు చేతులా లాగి చూశాడు. కొత్త తాళం కదలలేదు. తీగ లేకుండా లిఫ్టు నడుస్తుందో లేదో ఇన్‌స్పెక్టరు కంటే ముందు తనే చూసుకోవాలి. మీట నొక్కాడు. లిఫ్టు వచ్చింది. లోపల దీపం వెలుగుతోంది. ఒక కాలితో నేలను తొక్కి చూసి మరీ ఎక్కాడు.

గడియారం మూడుకు రెండు నిమిషాలు చూపిస్తోంది.

మూడో అంతస్తు దాటింది. రెండో అంతస్తు ఇంకా రాకముందే లిఫ్టు ఒక్క కుదుపుతో ఆగింది. దీపం ఆరిపోయింది. గ్రీజు వాసన, తుప్పు వాసన, వాటి వెనకాలే వేడి ఇస్త్రీ వాసన.

ఎందుకు ఆగిందో ఆయనకు వెంటనే అర్థమైంది. ఎక్కడో ఒక తలుపు తెరుచుకుంది. తీగ ఉండి ఉంటే ఆగేది కాదు.

తల పైకెత్తాడు. కప్పు సందుల్లోంచి పగటి వెలుతురు సన్నగా దిగుతోంది... నాలుగో అంతస్తు నుంచి.

అలారం మీట నొక్కాడు. మళ్లీ నొక్కాడు. బొటనవేలు నొప్పెట్టే దాకా నొక్కాడు.

"ఎవరక్కడ? తలుపు వేయండి!" అని అరిచాడు. "వేయండయ్యా తలుపు!"

పైనుంచి జవాబు వచ్చింది. మెల్లగా, మర్యాదగా, తన గొంతుతోనే.

"చూస్తాం లెండి."

కీచ్...

వెనక్కి దొర్లుతున్న చక్రం చప్పుడు అది. గుమ్మం గట్టు దగ్గర ఒక్క క్షణం ఆగింది. వెలుతురు పోయింది.

కప్పు మీద పిడుగు పడినట్టయింది. లిఫ్టు మొత్తం ఊగింది. ఆయన గోడకు కొట్టుకుని కింద పడ్డాడు. నోట్లో పళ్లు రెండు ఊడి నాలుక మీదికొచ్చాయి. పైన ఇనుము మీద మాంసం ఈడ్చిన చప్పుడు... కొంచెంసేపు నిశ్శబ్దం... వెలుతురు మళ్లీ వచ్చింది.

కీచ్...

"వద్దు" అన్నాడు. "తాళం వేయించాను కదయ్యా. కొత్తది..."

రెండోసారి పడింది. కప్పు లోపలికి సొట్టపడింది. మూడోసారికి అతుకులు విడి, చీలికలోంచి వెచ్చగా ముఖం మీద కారింది. తుడుచుకుంటే చేయి జిగటగా అంటుకుంది. ఆయన ఏడుస్తూ ఉత్తరాలు బయటికి తీశాడు. ఎవరికి చూపించాలో తెలియక రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు. నాలుగు. ఐదు. చీలిక పెద్దదై వంగిన చక్రం ఒకటి, ఊచలు విరిగి, తల మీదికి వేలాడింది. అది ఇంకా తిరుగుతూనే ఉంది. ఆరు.

ఏడోసారి కప్పు దూలం తెగి కిందికొచ్చింది.

అది తల మీద పడలేదు. తొడల మీద అడ్డంగా, కొలిచినట్టు పడింది. ఎముక చిట్లిన చప్పుడు ముందు విన్నాడు, నొప్పి తరువాత తెలిసింది. దూలం పక్కకు దొర్లలేదు. దాని అంచు కాళ్లలోకి నిదానంగా, దట్టమైన గుడ్డ కోస్తున్న కత్తెరలా, కరకరమంటూ దిగింది. ముందు కుడి కాలు. కాస్త విరామం. తరువాత ఎడమ కాలు.

అరవడం అక్కడితో ఆగిపోయింది.

ఆపరేటరమ్మ చేతికర్రతో లిఫ్టు తలుపును బాదుతూ నలుగురినీ పిలిచింది. నాలుగింటికి వచ్చిన ఇన్‌స్పెక్టరు, అతను పిలిపించిన మెకానిక్కు కలిసి ఆయనను బయటికి లాగారు. లిఫ్టు కప్పు మీద చిన్న గీరు కూడా లేదు. నాలుగో అంతస్తు తలుపు గట్టిగా మూసి ఉంది. లోపల నెత్తుటి మడుగులో ఏడు ఉత్తరాలు, ఒక ఎర్ర తీగ. ఆ తీగ ఏమిటో ఇన్‌స్పెక్టరు అడగకుండానే మెకానిక్కు చెప్పేశాడు.

ఆసుపత్రిలో రెండు కాళ్లూ మోకాళ్లకు జానెడు పైన తీసేశారు. కొత్తగా కోయవలసిన పని పెద్దగా లేదని, అంత తిన్నగా తెగి, గంటసేపు ప్రాణం పోనివ్వని గాయం తన సర్వీసులో చూడలేదని డాక్టరు యజమాని భార్యతో అన్నాడు.

వారం తరువాత ఆయనకు మాట వచ్చింది. గుమ్మం దగ్గర పోలీసు కాపలా ఉన్నా, ఆయన అటు చూడలేదు. భార్యను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"ఈ గది ఎన్నో అంతస్తు?"

"నాలుగోది. ఏం?"

"కిందికి మార్పించు."

"చూద్దాం లెండి, డాక్టరుగారిని అడిగి" అంది ఆమె. దుప్పటి సర్దుతూ చేయి ఆపింది. "ఇదేమిటండీ, పొద్దున్నే కదా ఉతికిన చొక్కా తొడిగాను. నిన్న కూడా ఇంతే, తుడిస్తే పోలేదు. మెడ చుట్టూ ఈ సుద్దగీత ఎవరు గీస్తున్నారు?"

బయట వరండాలో, లిఫ్టు ఉన్న వైపు నుంచి, నూనె లేని చక్రం ఒకటి కీచుమంది.

ఈసారి అది వెనక్కి పోవడం లేదు.