నేను ఇంటికి రాలేదా?

"నువ్వు ఏసీ మెకానిక్‌వి. కోడ్‌వర్డ్ 'గ్యాస్ అయిపోయింది'. సర్వర్ రూమ్‌లోకి వెళ్ళి అప్‌డేట్ ఎక్కించే స్క్రిప్టుని ఆపాలి," అన్నాడు చీఫ్.

డిపార్ట్‌మెంటులో అందరూ బామ్మర్ది అని పిలిచే ఏజెంటు తలూపాడు. సర్వర్లను నడిపే ఇంజనీరు అతని అక్క మొగుడు. ఆ చుట్టరికమే అతనికి పేరైపోయింది. బావ ఆఫీసుకని బయల్దేరి, కనిపించకుండా పోయి వారమైంది. అప్పట్నుంచీ అక్క వీధి తలుపు గడియ పెట్టడం మానేసింది.

"విదేశీ ముఠా ఇవాళ్టి అప్‌డేట్‌లో విషం కలిపింది. అది పూర్తిగా ఎక్కిందంటే మారువేషాల్లో ఉన్న మనవాళ్ళ అడ్రసులన్నీ వాళ్ళకి పోతాయి. లోపలున్న వాళ్ళెవరో బయటనుంచి ఆపే దారులన్నీ మూసేశారు."

"కరెంటు తీసేస్తే?"

"బయటున్న మనవాళ్ళతో మాటే తెగిపోతుంది. ఇంకోటి విను. మీ బావ ఆ స్క్రిప్టు సగంలో ఏదో ప్రశ్న పెట్టాడట. దానంతటది పోయేదాన్ని మధ్యలో ఆపి మనిషిని అడగడమేంటయ్యా? జవాబు చెప్పేవాడు లేకపోతే అలాగే నోరు తెరుచుకుని కూర్చుంటుంది!"

"అడక్కుండా ఏ పనీ చెయ్యడు సర్ మా బావ."

అనేశాక తన మాట తానే చూసుకున్నాడు. 'చెయ్యడు' అన్నాడు, 'చేసేవాడు కాదు' అనలేదు. అంతవరకు నయం.

గార్డుకి కోడ్‌వర్డ్ చెప్పి, పానా పట్టుకుని లోపలికి నడిచాడు. ఆ పానా పిడిలో అలారం బటన్ ఉంది. సర్వర్ రూమ్ చల్లగా ఉంది. ఫ్యాన్లు ఒకటే హోరు. బావ కుర్చీకి బావ స్వెట్టర్ వేలాడుతోంది, మోచేతుల దగ్గర అక్క వేసిన కుట్లతో సహా. ఆయన ఇప్పుడే లేచి మంచినీళ్ళకి వెళ్ళినట్టుంది.

ఆ కుర్చీలో దుబాసి కూర్చుని ఉంది. డిపార్ట్‌మెంటు అనువాదకురాలు. మెడకు సిల్క్ స్కార్ఫ్, గదంతా సెంటు వాసన, పరాయి దేశంలో పుట్టినా తప్పు పట్టడానికి వీల్లేని తెలుగు. ఆవిడ నవ్వితే ఫైళ్ళు వాటంతటవే కదులుతాయని ఆఫీసులో జోకు. ఇప్పుడూ నవ్వింది. చేతిలో పిస్తోలుంది.

"గ్యాస్ అయిపోయిందా? పానా కింద పెట్టండి."

వంగి పెడుతూనే బటన్ నొక్కాడు. కింద అంతస్తులో సైరన్ మోగింది. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. తెరమీద అప్‌డేట్ ఎంతవరకు ఎక్కిందో చూపే గీత సగంలో ఆగి ఉంది. దాని కింద బావ ప్రశ్న:

నేను ఇంటికి రాలేదా?
అవును / కాదు

"తెలివైనవాడే మీ బావ," అంది. "తను క్షేమంగా ఇంటికొస్తేనే ఇది ముందుకెళ్తుంది. రాకపోతే అంతా చెరిపేసుకుంటుంది. వచ్చాడని చెప్పేస్తే సరిపోతుంది."

"వచ్చాడా మరి?"

"ఎలా వస్తాడు? నేనే దగ్గరుండి పైకి పంపించేశాను. ఒక్కసారి మా ఆవిడకి ఫోన్ చేసుకుంటానన్నాడు చివర్లో."

బామ్మర్దికి ఆవిడ గొంతు పట్టుకోవాలనిపించింది. అంతకంటే ఎక్కువగా, అక్కడే కూలబడి ఏడవాలనిపించింది.

మెట్లమీద బూట్ల చప్పుడు. ఆవిడ పిస్తోలు అతనివైపే ఉంచి, రెండో చేత్తో గబగబా టైప్ చేసింది.

అవును.

బామ్మర్ది పెదవి కొరికి పట్టుకున్నాడు. రాలేదా అని అడిగిన మనిషితో అవునంటే, రాలేదనే కదా అర్థం! వచ్చాడని అబద్ధమాడాలంటే కాదనాలి. ఆవిడ పుట్టి పెరిగిన భాషలో లెక్క తిరగేసి ఉంటుంది. తీరిగ్గా ఉంటే ఆవిడకీ తట్టేదే. కంగారులో మాత్రం ఎవరికైనా అమ్మ దగ్గర నేర్చిన మాటే ముందొస్తుంది. ఒక్క ముక్క మాట్లాడినా దిద్దుకుంటుందని అతను ఊపిరి కూడా బిగబట్టాడు.

ఆవిడ ఎంటర్ నొక్కింది.

గీత వెనక్కి నడిచింది. విషం ఒక్కో సర్వర్‌లోంచీ తుడిచిపెట్టుకుపోయింది. ఆవిడ నోరు తెరిచి తెరవైపు చూసిన క్షణంలో బామ్మర్ది పిస్తోలు లాక్కున్నాడు. తలుపు బద్దలైంది, గార్డులు వచ్చి పడ్డారు.

"నేను సరిగ్గానే చెప్పాను!" అని అరిచింది దుబాసి, చేతులకు బేడీలు పడుతుంటే.

"చాలా సరిగ్గా చెప్పారండీ. అబద్ధం చెప్పబోయి నిజం చెప్పారు."

గది ఖాళీ అయ్యింది. ఫ్యాన్ల హోరు తగ్గింది. తెరమీద బావ ముందే రాసిపెట్టిన ఇంకో వాక్యం వచ్చింది.

సరేరా. మీ అక్కకి నువ్వే చెప్పు.

బామ్మర్ది స్వెట్టర్ తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఫోన్ బయటికి తీశాడు, మళ్ళీ జేబులో పెట్టాడు, మళ్ళీ తీశాడు. శత్రువుల చేతికి చిక్కితే నోరెలా మూసుకోవాలో డిపార్ట్‌మెంటు అతనికి భేషుగ్గా నేర్పింది. అక్క దగ్గర నోరెలా విప్పాలో మాత్రం ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పలేదు.