అందరికీ ఒకే పుట్టుమచ్చ

ఇనపాయమ్మ ఇనుప చెయ్యి గోడలోంచి కిందికి వంగి, పేరయ్య ముఖం మీది ఊపిరితొడుగును పైకెత్తింది. మళ్ళీ దించేలోపు తుడవడం, తడపడం, చూడడం అన్నీ అయిపోవాలి. ఎస్తేరు నర్సు గబగబా ఆయన బుగ్గలు తుడిచి, ఎండిన పెదాలకు నూనె రాసి, ముక్కు దగ్గర ఆగిపోయింది. ముక్కుదూలం మీద, కాస్త ఎడమకు ఒరిగి, చింతగింజంత పుండు. నిన్న పైపైన కమిలి ఉంది. ఇవాళ నడుమ నల్లబడింది.

వేలు పెట్టి నొక్కింది. నొక్కినచోట పాలిపోయి మళ్ళీ రంగు తిరిగితే భయం లేదు. కానీ ఉప్పుమళ్ళలో ఎండకు మాడిన పేరయ్య ఒంటి మీద ఆ తేడా కంటికి ఆనదు, వేలికే తెలియాలి. వేలికి వేడి తగిలింది. అడుగున కుళ్ళిన జాంపండులా మెత్తగా దిగింది.

"ఈయన చర్మం ఎలా ఉంది?" అని అడిగింది.

"బాగుంది ఎస్తేరు గారూ. ముక్కు మీద ఒక పుట్టుమచ్చ ఉంది," అంది గోడలోంచి ఇనపాయమ్మ.

ఆ యంత్రానికి పెద్దలు పెట్టిన పేరు వేరే ఉంది. పలకాలంటే నోరు తిరగదు. దాని రాకతో ఉద్యోగాలు ఊడిన ఆయమ్మలు పోతూ పోతూ కడుపుమంటతో అన్న మాటే దానికి నిలిచిపోయింది. ఉప్పుగాలి ఊపిరితిత్తులను తినేసిన వాళ్ళందరూ ఈ వార్డుకే వస్తారు. తొడుగుల కింద నెలల తరబడి నిద్రపోతారు. ఆ నిద్రకు ఇనపాయమ్మే కాపలా.

ఎస్తేరు చిన్న దూదిపొర మడిచి పుండు మీద పెట్టింది. తొడుగు దిగబోతూ ఆగింది. "పరాయి వస్తువు," అంటూ ఇనుప వేళ్ళు దూదిని ఏరి అవతల పడేశాయి. తొడుగు అంచు సరిగ్గా ఆ పుండు మీదే కూర్చుంది. వెంట్రుకవాసి కూడా తప్పదు మహాతల్లికి!

చూపుల వేళ కావడంతో అద్దాల అవతల బంధువులు గుమిగూడారు. తొడుగు ఎత్తినప్పుడే పుండు చూసిన పేరయ్య భార్య అంకమ్మ అద్దం మీద అరచేత్తో కొట్టింది.

"ఏందమ్మా ఇది? రొప్పు తగ్గించమని తెస్తే మొకాన కొత్త పుండు పెట్టారేంది? మాయన ముక్కు నాకు తెలవదా? అద్దమల్లే ఉండేది!"

"చూస్తున్నా అంకమ్మా. నీ మీదొట్టు, చూస్తున్నా," అంది ఎస్తేరు.

తరువాతి మంచం మీద మనిషికీ అక్కడే. ఆ పక్కామెకూ అక్కడే. చప్పిడిముక్కయినా, కోటేరు ముక్కయినా, పుండు మాత్రం ఎడమకు ఒరిగి అదే చోట. ఎస్తేరుకు ఆ చోటు బాగా తెలుసు. ఆమె అక్క దీనమ్మ ముక్కు మీద ఉండేది అలాంటిదే. దీనమ్మ కూడా ఇక్కడి నర్సే. ఉప్పుగాలి తగిలి, వార్డు తెరిచినప్పుడు మొదటి మంచం మీద ఆమే పడుకుంది. చిన్నప్పుడు ఉయ్యాల మీంచి పడి ముక్కు ఎడమకు వంగింది. తొడుగు ఆ వంపునే ఒరుసుకుంది. పుండు విషమించి అక్క పోయింది. ఆ తరువాత ప్రతి ముఖం మీదా అదే పుండు కనబడుతుంటే, దుఃఖం వల్ల తన కళ్ళే తనను మోసం చేస్తున్నాయనుకుంది ఎస్తేరు. ఇవాళ వేలికి కూడా తగిలింది. వేలికి దుఃఖమేమిటి?

"అది పుట్టుమచ్చని ఎవరు చెప్పారు నీకు?"

"అందరికీ అక్కడే ఉంది కదండీ. మనుషుల ముఖం అలాగే ఉంటుంది. దాని గుర్తు మీదే తొడుగు ఆనిస్తాను."

"మొదట ఎవరికి చూశావు?"

"దీనమ్మ గారికి. ముఖమంటే ఏమిటో ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆవిడదే అచ్చుముఖం."

ఎస్తేరు డాక్టరు కామేశ్వరికి ఫోను చేసి అంతా చెప్పి, ఆ అచ్చుముఖాన్ని తుడిపించేస్తానంది.

"అచ్చుముఖం తుడిచేస్తే దానికిక ముఖమన్నదే తెలియదమ్మా," అన్నారు డాక్టరు. "గాలి ఆగదు గానీ తొడుగులన్నీ ఒక్కసారే లేచిపోతాయి. నువ్వు చూస్తే ఒక్కదానివి. కొత్త అచ్చు రావడానికి వారమైనా పడుతుంది."

"వారానికి పేరయ్యకు ఎముక బయటపడుతుంది డాక్టరు గారూ. ఆనక మా అక్క దారే."

"తుడవమని నేను చెప్పలేను. వద్దనీ చెప్పలేను. బయలుదేరి వస్తున్నా," అన్నారు డాక్టరు.

"ఆ ముఖం ఒకసారి చూపించు," అంది ఎస్తేరు ఇనపాయమ్మతో.

తెర మీద దీనమ్మ వచ్చింది. మూసిన కళ్ళు, బిగిసిన పెదాలు. ఎవరివైనా కావచ్చు అవి. ముక్కు వంపు, దాని మీద పుండు మాత్రం ఇప్పుడే చూసినంత స్పష్టంగా ఉన్నాయి. అక్క నవ్వితే పైకి లేచే పైపెదవిని యంత్రం ఏనాడూ చూడలేదు. ఆ నవ్వును తలుచుకోబోతే ఎస్తేరుకు కూడా ముందు పుండే గుర్తొచ్చింది.

"తుడిస్తే దీనమ్మ గారి ముఖం నా దగ్గర ఇక ఉండదు," అంది ఇనపాయమ్మ.

"ఇది మా అక్క కాదులే."

ఎస్తేరు వెళ్ళి అద్దాల తలుపు బార్లా తెరిచింది. ఇన్నేళ్ళలో ఆ తలుపు బంధువులకు తెరిచింది లేదు.

"రండి, చేతులు కడుక్కుని ఎవరి మనిషి దగ్గరికి వాళ్ళు వెళ్ళండి. తొడుగు లేవగానే మీరే పట్టుకోవాలి. నొక్కొద్దు. గాలి పోకుండా ఆనిస్తే చాలు. చెయ్యి నొప్పెడితే పక్కవాళ్ళకివ్వండి."

"నొప్పా? ఉప్పు బుట్టలు మోసిన చేతులమ్మా ఇవి," అంది అంకమ్మ మొగుడి తలాపున నిలబడుతూ.

మొదటి మంచం మీద ఇప్పుడు నా అన్నవాళ్ళు లేని ముసలాయన ఉన్నాడు. అక్కడ ఎస్తేరే నిలబడింది.

"తుడిచెయ్," అంది.

తొడుగులన్నీ ఒక్కసారే లేచాయి. చేతులన్నీ ఒక్కసారే అందుకున్నాయి. "ముఖం కనబడడం లేదు. ముఖం కనబడడం లేదు," అని ఇనపాయమ్మ గోడ గోడకూ వెతుక్కుంది. అంకమ్మ తొడుగును పుండు నుంచి కాస్త పక్కకు జరిపి ఆనించింది. ఆ ముక్కు ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఒంటి మీద గాయం కనబడితే మోగాల్సిన గంట అప్పుడు మోగింది. పుట్టుమచ్చ అనుకోవడానికి ఇక అచ్చు లేదు కాబట్టి, ఇనపాయమ్మకు వేడిగా, నల్లగా ఉన్నది ఉన్నట్టే కనబడింది. "పుండు," అంది పేరయ్య మంచం దగ్గర. "పుండు," అంది ఆ పక్కన. ఒకదాని వెంట ఒకటి మంచాలన్నీ మోగాయి. చివరికి ఎస్తేరు నిలబడ్డ మంచం కూడా మోగింది. అక్క ఆ మంచం మీద ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా మోగని గంట అది.

"అమ్మో, ఆ గంటేంది? ఎవరికేమైందమ్మా?" అని కేకేసింది అంకమ్మ.

"మా అక్కకు," అంది ఎస్తేరు.

ఒక చేత్తో తొడుగును ఆనించి పట్టుకుని, రెండో చేత్తో జేబులోని దూదిపొర తీసి ముసలాయన ముక్కు మీద పెట్టింది. దాన్ని ఎవరూ ఏరి పారేయలేదు.